బట్టల కొట్టులోకి వచ్చిన కల

మొన్న సంక్రాంతి సంబరాలనాడు పులిహోర పళ్ళాలు చేతుల్లో పట్టుకుని అందరం హాలులో నిలబడి ఉండగా, మన సంఘంలోని పెద్దలొకరు మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన గుండె జబ్బుల నిపుణులు. వృత్తిలోనూ వయస్సులోనూ మాకు పెద్ద. "ఏమోయ్ డాక్టరూ, మా అమ్మాయికి నువ్వన్నా కాస్త నచ్చజెప్పవోయ్. మెడిసిన్‌కు వెళుతుందనుకుంటే ఇంటీరియర్ డిజైన్ అని కూర్చుంది. ఇప్పుడు ఏదో బట్టల కొట్టులో కుర్చీలు తీసుకెళ్ళి కప్పుకు బిగిస్తోందిట" అన్నారు. నవ్వుతూనే అన్నారు కాని, ఆ నవ్వులో బాధ ఉంది.

రోగిని చూడకుండా మందు రాయకూడదు గదా. నచ్చజెప్పబోయే ముందు ఆ కొట్టు చూడడం న్యాయమనిపించి, ఒక శనివారం మధ్యాహ్నం మా శ్రీమతితో కలిసి మన్‌హటన్ వెళ్ళి చూసి వచ్చాము. ఈ వ్యాసం ఆ కొట్టును గురించీ, దానికి తాతముత్తాతల వరుస అయ్యే మరి రెండు కొట్లను గురించీ.

కొట్టు పేరు ఎందుకు లెండి. లోపల అడుగు పెట్టగానే తల పైకెత్తవలసిందే. భోజనాల బల్ల, దాని చుట్టూ ఆరు కుర్చీలు, తలక్రిందులుగా కప్పుకు బిగించి ఉన్నాయి. గోడలలో నుంచి తెల్లని ప్లాస్టరు చేతులు బయటికి వచ్చి కోట్లనూ గౌన్లనూ పట్టుకుని ఉన్నాయి. ఎర్రని పెదవుల ఆకారంలో ఒక సోఫా. కన్ను ఆకారంలో ఒక నిలువుటద్దం. గోడ మీద ముళ్ళు లేని గడియారం. వచ్చినవారంతా ఫోటోలు తీసుకుంటున్నారు. మా శ్రీమతి ఒక చేతి మీది స్వెట్టరు ధర చీటీ తిప్పి చూసి, మళ్ళీ మెల్లగా దాని స్థానంలో పెట్టేసింది.

ఈ ధోరణిని అధివాస్తవికత అంటారు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు గార్ల కవిత్వాన్ని గురించి చదువుకున్న మన పాఠకులకు ఈ మాట కొత్త కాదు. కవిత్వంలో సరే, బట్టల కొట్టులో దీనికేమి పని? ఇది అలంకారమా, లేక ఏమన్నా చెబుతోందా? మేము తేల్చుకోదలచిన విషయం ఇదొక్కటే.

ఈ ధోరణి పుట్టుక గురించి మా వృత్తివారు చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. ఇది చిత్రశాలలో పుట్టలేదు. ఆస్పత్రిలో పుట్టిందంటే పెద్ద అతిశయోక్తి కాదు. దీనికి మూలపురుషుడైన ఆంద్రే బ్రెటన్ వైద్యవిద్యార్థి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, ఫ్రాన్సులోని సాఁ దిజియే అనే ఊరి మానసిక చికిత్సా కేంద్రంలో పనిచేశాడు. యుద్ధంలో మతి చలించిన సిపాయిలను అక్కడికి తెచ్చేవారు. వారిలో ఒకడు, అసలు యుద్ధమే జరగడం లేదనీ, ఇదంతా నాటకమనీ, గాయాలు పూసిన రంగులనీ, శవాలు వైద్యకళాశాలల నుంచి అరువు తెచ్చినవనీ గట్టిగా నమ్మేవాడు. బ్రెటన్ ఆ మనిషిని జీవితాంతం మరిచిపోలేదు. ఆ మరుసటి సంవత్సరం పారిస్‌లోని సైనిక ఆస్పత్రిలో మరో వైద్యవిద్యార్థి లూయీ అరగాన్ అతనికి తోడయ్యాడు. 1924లో బ్రెటన్ అధివాస్తవికత ప్రణాళిక ప్రకటించాడు.

రోగి మాట్లాడే పిచ్చి మాటకు వైద్యుడు అర్థం వెదుకుతాడు. పొంతన లేని మాట వెనుక పొంతన గల బాధ ఉంటుంది. బ్రెటన్ బృందం కోరినది ఇదే. వింత వస్తువు వింత కోసం కాదు, లోపలి నిజం ఒకటి బయటపడడం కోసం. జబ్బు లక్షణానికీ జబ్బు నటనకూ తేడా తెలుసుకోవడం మాకు రోజూ ఉండే పనే. అధివాస్తవిక కళను తూచడానికి కూడా ఆ తక్కెడే పనికివస్తుందని మా నమ్మకం.

మరి దుకాణంతో వీరికి చుట్టరికం ఎలా కలిసింది? మొదటి నుంచీ ఉంది. కలలో లాగే దుకాణపు అద్దం వెనుక కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేని వస్తువులు పక్కపక్కన చేరతాయి. తల లేని ఆడమనిషి రవిక తొడుక్కుని నిలబడుతుంది. అజే అనే వృద్ధ ఫోటోగ్రాఫరు 1912లో పారిస్‌లో నడుము బిగింపు లోదుస్తుల కొట్టును ఫోటో తీశాడు. తలలూ చేతులూ లేని మొండేలు వరుసగా వేలాడుతూ ఉంటాయి. ఆయన ఫోటోలను 1926లో ఈ బృందం తమ పత్రికలో వేసుకున్నది. అదే సంవత్సరం అరగాన్ తన పుస్తకంలో ఒక చేతికర్రల కొట్టును వర్ణించాడు. రాత్రివేళ దాని అద్దం వెనుక సముద్రపు పచ్చని కాంతి నిండి, కర్రలు నీటిమొక్కల్లా ఊగడం చూశానన్నాడు. బ్రెటన్ సైతం తన ప్రణాళికలో, మనిషిని అబ్బురపరచే వాటికి ఉదాహరణగా పాడుపడిన కట్టడాల పక్కన దుకాణపు బొమ్మను చేర్చాడు. అంటే దుకాణం కలను అరువు తెచ్చుకోకముందే కల దుకాణాన్ని అరువు తెచ్చుకున్నది.

మొదటి కొట్టు పారిస్‌లోది. ప్లాస్ వాండోమ్ అనే చౌకులో 21వ నంబరు భవనంలో 1935లో ఎల్సా స్కియాపరెల్లి తెరిచినది. ఈమె 1890లో రోములో పుట్టింది. కొంతకాలం న్యూయార్కులో కష్టపడి, పారిస్ చేరి బట్టల వ్యాపారంలో దిగింది. అంటే ఆమె కూడా మనలాగే పరాయి ఊళ్ళో బతుకు వెదుక్కున్న మనిషి. 1927లో ఆమెకు పేరు తెచ్చిన స్వెట్టరును అల్లినవారు కూడా కాందిశీకులుగా వచ్చిన ఆర్మీనియా స్త్రీలే. నల్లని ఉన్నిలో, మెడ దగ్గర తెల్లని బో కట్టినట్లు అల్లిక. దగ్గరికి వెళ్ళి పట్టుకోబోతే బో లేదు, స్వెట్టరే ఉంది. ఇంత చిన్న తమాషాలో ఆమె కళ అంతా ఉన్నదనిపిస్తుంది.

ఆ కొట్టు లోపలి అలంకరణ జాన్ మిషెల్ ఫ్రాంక్ అనే శిల్పజ్ఞుడిది. ఆయన గదులకు పేరు తెచ్చినది నిరాడంబరత. లేత రంగులు, బోసి గోడలు, తక్కువ సామాను. శిల్పి జాకొమెట్టి చేతి పనులు కొన్ని అందులో చేరాయి. అత్తరు సీసాల కోసం మనుషులు లోపలికి వెళ్ళగలిగేటంత బంగారు రంగు పక్షి పంజరం నిలబెట్టారు. మే వెస్ట్ అనే సినిమా నటి మొండెం ఆకారంలో లియొనోర్ ఫిని రూపొందించిన అత్తరు సీసా 1937లో వచ్చింది. ఎడ్వర్డ్ జేమ్స్ అనే సంపన్నుడు ఒక పెద్ద కూరిన ఎలుగుబంటిని ఇస్తే, సాల్వడార్ డాలీ దానికి గులాబి రంగు వేయించి కడుపులో సొరుగులు పెట్టించాడు. అది కొంతకాలం ఆ కొట్టులో కొలువు తీరింది. పెద్ద దర్జీ ఇళ్ళలో కొలతలు ఇచ్చుకునే ఆ రోజులలో, కుట్టి సిద్ధంగా ఉన్న స్వెట్టర్లూ స్కర్టులూ నగలూ కొని అప్పటికప్పుడు పట్టుకుపోయే వీలు కల్పించిన తొలి దుకాణాలలో ఇదొకటి.

ఇందులో గమనించవలసినది గది బోసిగా ఉండడం. వింత అంతా వస్తువులో ఉంది, గోడ మీద లేదు. 1936లో ఆమె చేసిన కోటుకు జేబులు బల్ల సొరుగుల్లా ఉంటాయి. కొన్ని నిజంగా తెరుచుకుంటాయి, కొన్ని ఉత్తుత్తివి. 1938లో వచ్చిన నల్లని గౌనును ఏ వైద్యుడు చూసినా ఒక నిమిషం ఆగుతాడు. దూది కూరి కుట్టి, ప్రక్కటెముకలూ వెన్నెముకా తొడ ఎముకలూ గుడ్డ మీదికి ఉబ్బేలా చేశారు. లోపల ఉండవలసినది పైకి వచ్చింది. బట్ట ఒంటిని దాస్తుందని అనుకుంటాము. ఈ బట్ట ఒంట్లో మనం దాచుకునే దానిని చూపుతుంది. మేము ఎక్స్‌రే తెర ముందు రోగికి చూపించేదీ అదే. ఆ గౌను వచ్చిన మరుసటి సంవత్సరమే యూరపులో యుద్ధం మొదలయిందన్న సంగతి గుర్తు పెట్టుకుని చూస్తే, పార్టీకి వేసుకునే గౌను కాస్తా మరోలా కనిపిస్తుంది.

లోపం లేకపోలేదు. ఆ పంజరంలోకి అడుగు పెట్టగలిగినవారు కొద్దిమంది ధనవంతులు. వారి నవ్వు ఖరీదైన నవ్వు. యుద్ధం తరువాత కాలం మారింది, 1954లో ఆమె సంస్థ మూతపడింది. అదే చిరునామాలో 2012లో ఆ పేరు మళ్ళీ తెరుచుకుంది. 2022 జూలై నుంచి 2023 జనవరి వరకు పారిస్‌లోని అలంకార కళల మ్యూజియంలో ఆమె పనిని పెద్ద ఎత్తున ప్రదర్శించారు. అయినా మా తీర్పు ఇది: ఆ కొట్టులో వింతకూ సరుకుకూ ఒకటే చెయ్యి. ఆ చేతికి బట్ట అంటే ఏమిటో తెలుసు. అందుకే అది నిలిచింది.

రెండో కొట్టు మన న్యూయార్కుదే. ఫిఫ్త్ ఎవెన్యూ మీద 56వ వీధి మూలన బాన్విట్ టెల్లర్ అనే పెద్ద దుకాణం ఉండేది. 1980లో ఆ భవనాన్ని కూలగొట్టి ట్రంప్ టవర్ కట్టారు. 1939 మార్చిలో ఆ దుకాణంవారు వీధివైపు అద్దాల గదులు రెండింటిని డాలీకి అప్పగించారు. డాలీ కొత్త బొమ్మలు వద్దని, పాత సామాన్ల గదిలో దుమ్ము పట్టి పడి ఉన్న మైనపు బొమ్మలు తెప్పించాడు. ఒక గదికి పగలు అనీ ఒక గదికి రాత్రి అనీ పేరు. పగటి గదిలో లోపలంతా గొర్రెపిల్ల బొచ్చు పరిచిన స్నానపు తొట్టి, అందులో నీళ్ళు, దగ్గరలో పచ్చని ఈకలు కట్టుకున్న పాత బొమ్మ. రాత్రి గదిలో నల్లని పట్టు దుప్పటి పరిచిన మంచం, పైన దున్నపోతు తల, నిప్పుకణికల మీద తల పెట్టి పడుకున్న స్త్రీ.

తెల్లవారింది. దారిన పోయేవారు ఫిర్యాదులు చేశారు. దుకాణంవారు ఏం చేశారు? తొట్టి తీసెయ్యలేదు, దున్నపోతు తల తీసెయ్యలేదు. పాత మైనపు బొమ్మలను తీసేసి, కొట్టులో అమ్మే దుస్తులు తొడిగిన మామూలు బొమ్మలను పెట్టారు. డాలీ తిరిగివచ్చి చూసి మండిపడి, అద్దాల గదిలో దూరి తొట్టిని తిరగవెయ్యబోయాడు. తొట్టి జారి అద్దం పగిలింది. తొట్టి, దాని వెంట డాలీ, ఇద్దరూ ఫిఫ్త్ ఎవెన్యూ మీద తేలారు. పోలీసులు పట్టుకుపోయారు. మేజిస్ట్రేటు, కళాకారుడి కోపాన్ని అర్థం చేసుకున్నట్లే, శిక్ష అమలు కాకుండా విడిచిపెట్టాడు.

ఈ కథను అందరూ డాలీ చిలిపితనానికి ఉదాహరణగా చెబుతారు. పేపర్లలో పేరు పడడం కోసం చేశాడనేవారూ ఉన్నారు. డాలీకి డబ్బు మీదా పేరు మీదా మోజు లేదని మేము అనము. ఆయన పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి అవిడా డాలర్స్ అని బ్రెటన్ వెక్కిరించాడు కూడా. కాని ఇక్కడ తగాదా దేని మీద వచ్చిందో చూడండి. వింత మీద కాదు. వింతను దుకాణం ఉంచుకుంది. జుట్టు చింపిరిగా, దుమ్ము పట్టి, కాలం గడచిపోయిన ఆ మైనపు ఆడదానిని ఒప్పుకోలేకపోయింది. ఎందుకంటే ఆమె ఒక నిజం చెబుతోంది: అందం ముసలిదవుతుంది, నిన్నటి ఫ్యాషను నేడు సామాన్ల గదిలో ఉంటుంది. కొత్త గౌను అమ్మే చోట ఈ మాట చెల్లదు. కలను ఉంచి, కల చెప్పే మాటను తీసేశారు. లక్షణం పోయి నటన మిగిలింది.

వ్యాపారంలో ఉన్న చోట నిజమైన అధివాస్తవికత అసాధ్యమా అంటే, అలాగని కూడా అనలేము. ఫ్రెడరిక్ కీస్లర్ అనే వలస వచ్చిన వాస్తుశిల్పి 1920లలో న్యూయార్కులో దుకాణాల అద్దాల గదులు అలంకరించి పొట్ట పోసుకున్నాడు. దుకాణపు అలంకరణ మీద 1930లో ఒక పుస్తకమే రాశాడు. 1942లో పెగ్గీ గుగ్గెన్‌హైమ్ తన చిత్రశాలను ఆయన చేతిలో పెట్టింది. అధివాస్తవిక చిత్రాల గదిలో గోడలను లోపలికి వంచి, చిత్రాలకు చట్రాలు తీసేసి, గోడ నుంచి పొడుచుకు వచ్చిన కర్రల మీద నిలబెట్టాడు. దీపాలు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క వెలిగి ఆరేవి. వీధిలో నడిచేవాడిని అద్దం ముందు ఎలా ఆపాలో దుకాణంలో నేర్చుకున్న విద్య అది. దుకాణంలో నేర్చినది కళకు పనికివచ్చింది. కనుక "బట్టల కొట్టు పని" అని తేలికగా తీసెయ్యడానికి వీలులేదు.

ఇక మా అమ్మాయి కొట్టుకు వద్దాము. కప్పుకు బిగించిన బల్లా కుర్చీలూ ఏమీ చెప్పవు, మెడనొప్పి తప్ప. పెదవుల సోఫా 1930లలో డాలీ, ఎడ్వర్డ్ జేమ్స్ కలిసి చేయించినదానికి నకలు. గోడలోంచి వచ్చిన చేతులు 1946లో ఝాన్ కొక్తో తీసిన సినిమాను తలపిస్తాయి. ఆ సినిమాలో దీపాలు పట్టుకున్నవి నిజంగా మనుషుల చేతులు. కథానాయిక నడుస్తుంటే అవి కదులుతాయి, చూసేవారి ఒళ్ళు జలదరిస్తుంది. ఈ ప్లాస్టరు చేతులు వట్టి కొక్కేలు. ఈ కొట్టులో బట్టలు తీసేసి పాదరక్షలు పెట్టినా, ఐస్‌క్రీము పెట్టినా అలంకరణలో ఒక్క మేకు మార్చనక్కర్లేదు. మా దృష్టిలో అంతకన్నా పెద్ద విమర్శ లేదు.

ఇదంతా మొహాన చెప్పలేక నీళ్ళు నములుతుంటే, అమ్మాయే నవ్వి, "అంకుల్, ఇవన్నీ వాళ్ళు అడిగినవి. నేను చేసినది చూద్దురు గాని రండి" అని వెనకకు తీసుకెళ్ళింది.

వెనుక, బట్టలు వేసుకుని చూసుకునే గదులు నాలుగున్నాయి. మూడు మామూలువి. నాలుగోదానికి తలుపు లేదు. గోడంత ఎత్తున గుండీ కాజా ఉంది, అంచుల వెంట లావుపాటి దారంతో కుట్టు. వంగి ఆ కాజాలోంచి లోపలికి వెళ్ళాలి. లోపల గోడలన్నీ దూది పెట్టి కుట్టిన పట్టు అస్తరు. అంటే మనం ఉన్నది ఒక పెద్ద చలికోటు లోపల. ఒక మూల, కోటుకు ఉన్నట్లే, ఉతికే సూచనల గుడ్డముక్క, చేటంత ఉంది. వెలుతురు మెత్తగా ఉంది. బయటి చప్పుడు వినిపించదు. అద్దం ఉంది కాని దానికి తెర ఉంది. మనం తీసుకుంటేనే కనిపిస్తుంది.

మేము రోజూ రోగులను చల్లని గదిలో కాగితం గౌను కట్టబెట్టి కూర్చోబెడతాము. బట్టలు విప్పిన మనిషి ఎంత బెదిరి ఉంటాడో మాకు తెలుసు. బట్టల కొట్టులో కూడా ఆ చిన్న గదిలోనే మనిషి తన ఒంటిని తాను చూసుకుని సిగ్గుపడేది. మా శ్రీమతి ఈ దేశం వచ్చిన మొదటి శీతాకాలంలో, చీర మీద తొడగడానికి కోటు కొనబోయి, అటువంటి గదిలో మూడువైపుల అద్దాల మధ్య నిలబడి, ఏదీ కొనకుండా బయటికి వచ్చేసింది. ఆ మాట ఆవిడ మాకు ఆనాడు చెప్పలేదు. ఈ అస్తరు గదిలో కూర్చుని, ఇన్నేళ్ళకు చెప్పింది.

కోటును లోపలి నుంచి చూపించింది ఆ అమ్మాయి. బట్ట ఉన్నది చూసేవాళ్ళ కోసం కాదు, లోపల ఉన్న మనిషి కోసమని మాట లేకుండా చెప్పింది. ఇది ఇతరులను నకలు కొట్టినది కాదు. బట్టల కొట్టులో తప్ప మరెక్కడా దీనికి అర్థం లేదు. ఎముకల గౌను పక్కన నిలబెట్టదగిన ఊహ ఇది అని మేము నిస్సంకోచంగా రాస్తున్నాము. నాలుగు గదులూ ఇలాగే చెయ్యాలని అమ్మాయి గీసి ఇచ్చిందట. చోటు ఎక్కువ తింటుందనీ, కొనేవారు లోపల చాలాసేపు కూర్చుండిపోతారనీ, ఒక్కదానితో ఆపించారట. కప్పు మీది కుర్చీలకు మాత్రం డబ్బుకు కొదవ రాలేదు. 1939 నాటి కథ ఇంకా పాతబడలేదన్నమాట.

మాయాబజార్ చూడని తెలుగువారు మన సంఘంలో ఉండరు. 1957 నాటి ఆ చిత్రంలో, గోఖలే, కళాధర్ గార్ల కళాదర్శకత్వంలో, రెండు వస్తువులున్నాయి. ప్రియదర్శిని అనే పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. సత్యపీఠం ఎక్కితే ఎవరి మనసులో ఏముందో అది నోట వచ్చేస్తుంది. ప్రతి దుకాణమూ ప్రియదర్శిని కావాలనే చూస్తుంది. అందులో తప్పు లేదు, అది దాని వృత్తి. కాని అధివాస్తవికత అనే పేరు పెట్టుకున్న దుకాణంలో, ఏదో ఒక మూల, ఒక్క పీట అయినా సత్యపీఠం ఉండాలి. లేకపోతే అది మాయ కాదు, వట్టి బజారు.

పెద్దాయనకు ఫోను చేసి ఈ మాటే చెప్పాము. "అన్నగారూ, మీ అమ్మాయి వైద్యం మానెయ్యలేదు, వేరే వార్డులో చేస్తోంది. మీరూ వదినగారూ వెళ్ళి ఆ నాలుగో గదిలో ఒక పది నిమిషాలు కూర్చుని రండి. ఆ తరువాత కూడా నచ్చజెప్పమంటే అప్పుడు చెబుతాను" అన్నాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పార్కింగు ఎక్కడ దొరుకుతుందోయ్ అక్కడ?" అన్నారు.

ఇంకా వెళ్ళినట్లు లేదు. ఈ సంచిక అందేలోగా వెళతారని మా ఆశ. అమ్మాయికి మాత్రం మా సలహా వేరే ఉంది: మిగిలిన మూడు గదుల కోసం గట్టిగా పోట్లాడు తల్లీ, అద్దాలు మాత్రం పగలగొట్టకు.